ఆదోని – ఎమ్మిగనూరు మెట్ట ప్రాంతంలో జలమాపన: క్షేత్ర సాంకేతిక సహాయకుని విధులు, పాటించవలసిన జాగ్రత్తలు

సారాంశం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో బోర్ల కింద వేసే రబీ పంటల విస్తీర్ణాన్ని నిర్ణయించే ముందు గ్రామంలో ఎంత నీరు చేరిందో అంచనా వేయవలసి ఉంటుంది. ఈ అంచనాకు ఆధారం బావుల్లో నీటిమట్టం, వర్షపాతం, వంకల్లో ప్రవాహం. ఈ మూడింటినీ కొలిచే క్షేత్ర సాంకేతిక సహాయకుని పని తేలికగా కనిపించినా, కొలత తీసిన సమయంలో బోరు పరిస్థితిని నమోదు చేయకపోతే ఆ అంకె రైతును తప్పుదారి పట్టిస్తుంది. రాతి నేలల్లో జలమాపన చేసే విధానాన్ని, సాధారణంగా దొర్లే పొరపాట్లను, ఒక పొరపాటు పంట విస్తీర్ణం మీద చూపే ప్రభావాన్ని ఈ వ్యాసంలో లెక్కలతో వివరించడమైనది.

ప్రస్తావన

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు రాష్ట్రంలోని అల్ప వర్షపాత మండలంలో ఉన్నాయి. వర్షం తక్కువ కావడం ఒక సమస్య అయితే, కురిసిన వర్షం కొద్ది రోజుల్లోనే కురిసి పోవడం మరొక సమస్య. ఆదోని, కోసిగి పరిసరాల్లో గ్రానైటు గుట్టలు, బండరాళ్లు విస్తారంగా ఉన్నాయి. గుట్టల మీద పడిన వాన గంటల వ్యవధిలోనే వంకల్లోకి దిగి పోతుంది. ఏడాదిలో అధిక భాగం ఈ వంకలు ఇసుకతో, రాళ్లతో ఎండి ఉంటాయి. దిగువన ఎర్రనేలలు, నల్లరేగడి నేలలు కలిసి కనిపిస్తాయి. ప్రత్తి, వేరుశనగ, ఆముదం, కంది, శనగ, ఉల్లి, మిరప ఇక్కడి ముఖ్యమైన పంటలు.

ఈ ప్రాంతపు భూగర్భ జలానికి ఒక ప్రత్యేకత ఉంది. గ్రానైటు, నైస్ శిలలకు స్వతహాగా నీటిని నిలుపుకొనే గుణం లేదు. పై భాగంలో శిథిలమై గరుసుగా మారిన పొరలోను, ఆ దిగువన గట్టి రాతిలోని పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. పాత దిగుడు బావులు శిథిల పొర నీటిని అందిస్తే, లోతైన బోర్లు పగుళ్ల నీటిని తోడుతాయి. అందువల్ల వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి నిండుగా పోయడం, మరొకటి ఎండిపోవడం ఇక్కడ సాధారణం. ఇటువంటి చోట ఒక్క బావిని చూసి గ్రామం మొత్తానికి తీర్పు చెప్పరాదు.

జలమాపనలో ఈ జిల్లాకు గల అనుభవం

కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావుల్లో ఏడాదికి నాలుగు పర్యాయాలు నీటిమట్టాన్ని కొలుస్తుంది. రాష్ట్ర భూగర్భ జల శాఖ పీజోమీటర్ల ద్వారా మట్టాలను నమోదు చేస్తున్నది. తుంగభద్ర నదిపై మంత్రాలయం వద్ద కేంద్ర జల సంఘం ప్రవాహాన్ని కొలుస్తున్నది. ఈ వ్యవస్థలు జిల్లా, నదీ పరివాహక స్థాయి నిర్ణయాలకు ఉపయోగపడతాయి. అయితే ఒక గ్రామంలో ఎన్ని ఎకరాల్లో వేరుశనగ వేయవచ్చునన్న ప్రశ్నకు ఆ గ్రామంలోనే తీసిన కొలతలు అవసరం.

ఈ అవసరాన్ని గుర్తించిన ప్రయత్నాల్లో ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భ జల వ్యవస్థల పథకం ముఖ్యమైనది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2003లో మొదలైన ఈ పథకాన్ని కర్నూలుతో సహా ఏడు కరవు జిల్లాల్లో అమలు చేశారు. రైతులే ప్రతిరోజూ వర్షపాతాన్ని, పదిహేను రోజులకొకసారి బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, గ్రామంలో గోడల మీద రాసి, రబీకి ముందు అందరూ కూర్చొని పంటల నీటి బడ్జెట్ తయారు చేసుకొన్నారు. ఎవరు ఏ పంట వేయాలన్నది ఎవరూ ఆజ్ఞాపించలేదు. నీరెంత ఉందో తెలిసిన రైతు తన నిర్ణయం తాను తీసుకొన్నాడు. అంటే పథకం మొత్తం కొలతల విశ్వసనీయత మీదనే నిలిచింది. నేడు గ్రామాల్లో పనిచేసే విస్తరణ సిబ్బంది, విద్యార్థులు గ్రహించవలసిన మొదటి పాఠం ఇదే.

నీటిమట్టాన్ని కొలిచే విధానం

1. కొలత బిందువు: ప్రతి పరిశీలక బావికి ఒక స్థిరమైన కొలత బిందువును నిర్ణయించి రంగుతో గుర్తు పెట్టాలి. బోరుకు కేసింగ్ పైపు అంచు, దిగుడు బావికి గట్టు మీద ఒక రాయి అనుకూలంగా ఉంటాయి. ఆ బిందువు నేలమట్టానికి ఎంత ఎత్తున ఉందో ఒకసారి కొలిచి రిజిస్టరులో రాయాలి. టేపు ద్వారా వచ్చిన లోతు నుంచి ఈ ఎత్తును తీసివేస్తే నేలమట్టం నుంచి నీటి లోతు తెలుస్తుంది. కేసింగ్ పైపు 60 సెం.మీ. ఎత్తున ఉండగా దానిని తీసివేయడం ఒక నెల మరచిపోతే, ఆ నెలలో నీరు 60 సెం.మీ. దిగినట్లు రికార్డు చూపుతుంది.

2. స్టీలు టేపు: టేపు చివరి భాగానికి సుద్ద పూసి, నీటిలో కొంత మునిగేలా దింపాలి. కొలత బిందువు వద్ద ఒక పూర్తి మీటరు గుర్తును పట్టుకొని, పైకి తీసి, తడిసిన పొడవును చూడాలి. పట్టుకొన్న అంకె నుంచి తడిసిన పొడవును తీసివేస్తే నీటి లోతు వస్తుంది. ఉదాహరణకు 15 మీటర్ల గుర్తును పట్టుకొన్నప్పుడు 0.85 మీటర్లు తడిస్తే నీరు 14.15 మీటర్ల లోతున ఉన్నట్లు.

3. విద్యుత్ సౌండరు: ప్రోబు నీటిని తాకగానే శబ్దం చేసే ఈ పరికరం వాడుకలో సులువైనది. అయితే రాతి బోర్లలో ఒక ఇబ్బంది ఉంది. పై పగుళ్ల నుంచి బోరు గోడల వెంట కారే నీరు ప్రోబును తాకితే అసలు మట్టానికి చాలా పైననే శబ్దం వస్తుంది. శబ్దం తెగిపోతూ వస్తూ ఉంటే అది కారే నీరని అనుమానించి ప్రోబును ఇంకా దింపి చూడాలి. నిలకడగా మోగిన చోటనే లోతు చదవాలి. రెండు కొలతల మధ్య తేడా 2 సెం.మీ. మించితే మూడవసారి కొలవాలి.

4. మోటారు ఉన్న బోర్లు: డెలివరీ పైపు, కేబులు మధ్య ప్రోబు చిక్కుకొనే ప్రమాదం ఉంది. బలవంతంగా లాగితే కేబులు తెగి రైతుకు నష్టం కలుగుతుంది. వీలైనంత వరకు మోటారు లేని బోర్లను పరిశీలనకు ఎంచుకోవాలి. అవి లభించనప్పుడు రైతు అనుమతితో సన్నని ప్లాస్టిక్ పైపును బోరులోకి శాశ్వతంగా దింపి, దాని గుండా కొలవడం మేలు.

బోరు విశ్రాంతి సమయం: అన్నిటికన్నా ముఖ్యమైన నమోదు

బోరు నడుస్తున్నప్పుడు నీటిమట్టం దిగి ఉంటుంది. ఆపిన తరువాత నెమ్మదిగా కోలుకొని నిశ్చల మట్టానికి చేరుతుంది. రాతి పగుళ్లలో ఈ కోలుకోవడానికి పట్టే కాలం ఒక్కొక్క బోరుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. గ్రామపు నీటి నిల్వ లెక్కకు నిశ్చల మట్టమే కావాలి.

వ్యవసాయ విద్యుత్తు నిర్ణీత గంటల్లోనే వస్తుంది కనుక సరఫరా ఆగిన చాలాసేపటికి, తిరిగి రాకముందు కొలవడం ఉత్తమం. గ్రామానికి సరఫరా వేళలను ముందుగా తెలుసుకొని పర్యటన కార్యక్రమం వేసుకోవాలి. అయినప్పటికీ రైతును అడగకుండా కొలవరాదు. “అన్నా, బోరు ఎప్పుడు ఆపినారు? పక్క చేనులో బోరు ఆడుతా ఉందా?” అనే రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబును అంకె పక్కనే రాయాలి. ఒకే పగులు మీద ఉన్న పక్క బోరు నడుస్తున్నా ఈ బోరు మట్టం దిగవచ్చు. అనుమానం ఉంటే పది నిమిషాల విరామంతో రెండుసార్లు కొలవాలి. రెండవ కొలతలో నీరు పైకి వస్తున్నట్లు తేలితే బోరు ఇంకా కోలుకొంటున్నదని అర్థం. అటువంటి కొలతను “కోలుకొంటున్నది” అని రాసి, నిల్వ లెక్కలో చేర్చకూడదు.

ఒక పొరపాటు, నలభై హెక్టార్లు

ఈ జాగ్రత్త ఎందుకో ఒక కల్పిత గ్రామపు లెక్కతో చూద్దాం. నీరు ఇంకేందుకు అనువైన విస్తీర్ణం 1,000 హెక్టార్లు, అంటే ఒక కోటి చదరపు మీటర్లు. శిథిల గ్రానైటు పొర విశిష్ట దిగుబడి 0.02 అనుకొందాం. అంటే పొర ఘనపరిమాణంలో నూటికి రెండు వంతుల నీరు మాత్రమే మనకు లభిస్తుంది. ఐదు పరిశీలక బావుల సగటు నీటి లోతు మే నెలలో 11 మీటర్లు, నవంబరులో 8 మీటర్లు. మట్టం 3 మీటర్లు పెరిగింది.

చేరిన నీరు = 1,00,00,000 × 3 × 0.02 = 6,00,000 ఘనపు మీటర్లు.

ఇప్పుడు మే నెలలో ఐదింటిలో రెండు బోర్లను అప్పుడే ఆపిన స్థితిలో కొలిచారనుకొందాం. ఒక్కొక్కటి నిశ్చల మట్టానికి 2.5 మీటర్లు దిగువన ఉంది. అప్పుడు మే సగటు 12 మీటర్లుగా నమోదవుతుంది. పెరుగుదల 4 మీటర్లుగా, చేరిన నీరు 8,00,000 ఘనపు మీటర్లుగా లెక్కకు వస్తుంది. నేలలో లేని 2,00,000 ఘనపు మీటర్ల నీరు కాగితం మీద పుట్టింది. వేరుశనగకు 500 మి.మీ. నీరు అవసరమనుకొంటే హెక్టారుకు 5,000 ఘనపు మీటర్లు. అంటే నలభై హెక్టార్ల వేరుశనగకు లేని నీరు ఉన్నట్లు చూపినట్లయింది.

ఈ తప్పు విత్తే రోజున బయటపడదు. నవంబరులో బోర్లు బాగానే పోస్తాయి. ఊడలు దిగి కాయ ఊరే దశలో, విత్తనం, ఎరువు, కూలి ఖర్చులన్నీ అయిన తరువాత బోర్లు తగ్గుతాయి. అప్పుడు రైతు ముందున్నవి రెండే దారులు: పంటను వదులుకోవడం, లేదా అప్పు చేసి మరొక బోరు వేయడం. రాతి నేలలో ఆ బోరుకు నీరు పడుతుందన్న భరోసా లేదు. వేసవిలో బోర్లు ఎక్కువసేపు నడుస్తాయి కనుక ఈ రకమైన పొరపాటుకు మే నెల కొలతల్లోనే అవకాశం ఎక్కువ.

వర్షపాతంతో సరిచూడడం

భూగర్భ జల అంచనా సంఘం పద్ధతిలో నీటిమట్టపు లెక్కను వర్షపాతపు లెక్కతో సరిచూస్తారు. బంకమన్ను తక్కువగా ఉన్న శిథిల గ్రానైటు ప్రాంతాల్లో వర్షంలో సుమారు 11 శాతం, బంకమన్ను ఎక్కువగా ఉన్నచోట సుమారు 8 శాతం భూమిలోకి ఇంకుతుందని ఆ సంఘం సూచించింది. పై గ్రామంలో వానాకాలంలో 500 మి.మీ. కురిసిందనుకొంటే, 11 శాతం చొప్పున చేరిన నీరు 5,50,000 ఘనపు మీటర్లు. సౌలభ్యం కోసం ఈ ఉదాహరణలో వానాకాలంలో తోడిన నీటిని పరిగణించలేదు. వాస్తవంలో దానిని మట్టపు లెక్కకు కలపాలి.

సరైన కొలతతో వచ్చిన 6,00,000కు, వర్షపు లెక్కకు తేడా 9 శాతం మాత్రమే. తప్పు కొలతతో వచ్చిన 8,00,000కు తేడా 45 శాతం. రెండు పద్ధతుల తేడా 20 శాతం లోపల ఉంటే మట్టపు లెక్కను అంగీకరిస్తారు. అంతకు మించి ఎక్కువ వస్తే వర్షపు లెక్కకు 1.2 రెట్లు మాత్రమే, అంటే ఇక్కడ 6,60,000 ఘనపు మీటర్లు తీసుకొంటారు. ఈ నియమం నష్టాన్ని కొంత అరికడుతుంది కాని పూర్తిగా తొలగించదు. పైగా వర్షమాపక కొలత సరిగా ఉన్నప్పుడే ఈ సరిచూపునకు విలువ ఉంటుంది.

వర్షమాపకాన్ని చెట్లకు, గోడలకు కనీసం వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో, అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తున ఉండేలా అమర్చాలి. ప్రతిరోజూ ఉదయం 8.30 గంటలకు చదివి అదే తేదీన రాయాలి. వాన లేని రోజున సున్న రాయాలి. చూడని రోజున ఖాళీగా వదిలి “చూడలేదు” అని రాయాలి. ఈ రెండింటినీ కలపరాదు. 200 చదరపు సెం.మీ. గరాటు ఉన్న వర్షమాపకంలో 1 మి.మీ. వాన 20 మిల్లీలీటర్లకు సమానం. 100 చదరపు సెం.మీ. గరాటుకు తయారైన గాజు కొలపాత్రతో దానిని కొలిస్తే వాన రెట్టింపుగా కనిపిస్తుంది. పగిలిన పాత్ర స్థానంలో కొత్తది తెచ్చినప్పుడు ఈ పొరపాటు జరగకుండా చూసుకోవాలి.

కాలువ సమీపంలోని బావులు

తుంగభద్ర దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల మీదుగా సాగుతున్నది. కాలువలో నీరు పారే రోజుల్లో దానికి దగ్గరగా ఉన్న బావుల్లో మట్టం పెరుగుతుంది. ఆ పెరుగుదల వానది కాదు, కాలువ ఊటది, ఆయకట్టు పొలాల్లో ఇంకినది. ఈ బావులను గుట్టల దిగువ మెట్ట గ్రామాల బావులతో కలిపి సగటు తీస్తే మెట్ట రైతుకు లేని నీటిని ఉన్నట్లు చూపినవారమవుతాం. అందువల్ల ఆయకట్టు బావులను, ఆయకట్టేతర బావులను వేర్వేరు పట్టికల్లో రాయాలి. కాలువలో నీరు వదిలిన తేదీని, ఆపిన తేదీని రిజిస్టరులో నమోదు చేయాలి. అదే విధంగా దిగుడు బావులను, లోతైన బోర్లను కూడా కలపకూడదు.

వంకల్లో ప్రవాహం

ఈ ప్రాంతపు వంకల్లో ప్రవాహం కొన్ని గంటలే ఉంటుంది. సహాయకుడు చేరేసరికి నీరు తగ్గిపోవడం సహజం. ప్రవాహం ఉన్నప్పుడు తేలుడు పద్ధతి అనుకూలం. వంక నేరుగా ఉన్న 20 మీటర్ల భాగాన్ని గుర్తించి, ఎండు కొమ్మనో, కొబ్బరి చిప్పనో వదిలి, ఆ దూరం దాటే సమయాన్ని కనీసం మూడుసార్లు చూడాలి. ఉపరితల వేగాన్ని 0.85తో హెచ్చిస్తే సగటు వేగం వస్తుంది. ఉదాహరణకు 6 మీటర్ల వెడల్పు, సగటున 0.4 మీటరు లోతు గల వంకలో తేలుడు వస్తువు 16 సెకన్లలో 20 మీటర్లు దాటితే, ప్రవాహం సెకనుకు సుమారు 2.55 ఘనపు మీటర్లు. అదే స్థాయిలో గంటసేపు పారితే సుమారు 9,180 ఘనపు మీటర్లు. లోతును నీరు లేనప్పుడే కొలిచి, ఒడ్డున రాతి మీద మీటరు గుర్తులు వేసి ఉంచుకొంటే వరదలో దిగవలసిన అవసరం ఉండదు.

మనం లేనప్పుడు వచ్చిన వరద ఎత్తును తెలుసుకోవడానికి అమెరికా నైరుతి ప్రాంతపు ఎడారి లోయల్లో ఆ దేశపు భూవిజ్ఞాన సర్వే సంస్థ వాడుతున్న సాధనం మనకూ ఉపయోగకరం. నిలువుగా బిగించిన ఇనుప పైపులో ఒక కర్రను, కొంత బెండు పొడిని ఉంచుతారు. కింది రంధ్రాల ద్వారా నీరు పైకి వచ్చినప్పుడు పొడి తేలి, నీరు దిగినప్పుడు అత్యధిక మట్టం వద్ద కర్రకు అంటుకొని నిలుస్తుంది. తరువాత వచ్చినవారు దానిని కొలిచి, తుడిచి, మరల అమర్చవచ్చు. దీనికి విద్యుత్తు, బ్యాటరీ అవసరం లేదు.

భద్రత

కరవు సీమలో వరద భయం ఉండదనుకోవడం పొరపాటు. 2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర వరద మంత్రాలయాన్ని, కర్నూలు నగరాన్ని ముంచెత్తింది. వంకల విషయంలో మనం నిలిచిన చోట వాన లేకపోయినా ఎగువ గుట్టల మీద కురిసిన వాన హఠాత్తుగా రావచ్చు. ఎగువన మబ్బు పట్టినప్పుడు వంకలోకి దిగరాదు. మోకాలి లోతు మించిన ప్రవాహంలో నడవరాదు.

గట్టు లేని దిగుడు బావుల వద్ద ఒంటరిగా వంగి కొలవరాదు. స్టార్టరు పెట్టెను తడి చేతులతో తాకరాదు. మోటారును రైతే ఆపాలి, రైతే వేయాలి. పరిశీలక బోరు మూతను కొలత ముగిసిన వెంటనే బిగించాలి. తెరచి ఉన్న బోర్లలో పిల్లలు పడిపోతున్న ప్రమాదాల దృష్ట్యా సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు జారీ చేసింది. పనికిరాని బోరు తెరచి ఉన్నట్లు గమనిస్తే పంచాయతీకి తెలియజేయడం సహాయకుని బాధ్యతగా భావించాలి. వేసవి కొలతలను ఉదయం వేళల్లో ముగించుకోవడం ఆరోగ్యానికి మంచిది.

రిజిస్టరు నిర్వహణ

ప్రతి కొలతకు తేదీ, సమయం, టేపు అంకె, కొలత బిందువు ఎత్తు, నేల నుంచి లోతు, బోరు ఆగి ఉన్న కాలం, పక్క బోరు స్థితి, కొలిచినవారి సంతకం ఉండాలి. తప్పు రాసిన అంకెను చెరిపివేయక ఒక గీత గీసి, పక్కన సరైనది రాయాలి. కొలవలేకపోయిన బావికి గత నెల అంకెను చూసి ఊహించి రాయడం అన్నిటికన్నా హానికరం. ఖాళీని చూసిన శాస్త్రవేత్త మరల కొలవమంటాడు, ఊహించి రాసిన అంకెను మాత్రం ఎవరూ అనుమానించరు. ప్రతి నెలా అంకెలను గ్రాఫుగా గీసి, ఒక్కసారిగా ఎక్కిన లేదా దిగిన బిందువు కనిపిస్తే వారం లోపల మరల వెళ్లి సరిచూసుకోవాలి.

ముగింపు

ఆదోని, ఎమ్మిగనూరు వంటి రాతి నేలల్లో నీరు తక్కువ, తేడాలు ఎక్కువ. ఇక్కడ ఒక మీటరు పొరపాటు కొన్ని కుటుంబాల రబీ పంటతో సమానం. కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణల్లోను, విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలోను జలమాపనను చేర్చి, ప్రతి విద్యార్థి కనీసం ఒక బావిని మే నుంచి నవంబరు వరకు స్వయంగా కొలిచేలా చూడడం మేలు. కొలతలను రైతుల సమక్షంలో తీసి, అంకెను అక్కడికక్కడే వారికి చెప్పాలి. తన బోరు ఎప్పుడు ఆగిందో, పక్క బోరు ఎప్పుడు నడిచిందో రైతుకు తెలుసు కనుక, తప్పు దొర్లితే మొదట గుర్తించగలవాడు కూడా ఆయనే.